రేవుమాటలకొక తెలుగు టీక కావలెను

ఆంధ్రప్రదేశ్ అధికార భాషా సంఘాధ్యక్షులవారికి బహిరంగ లేఖ



విశాఖపట్టణపు రేవులో ఒక క్లియరింగు ఏజెంటు కార్యాలయమున ముప్పది యేండ్లకు పైబడి గుమాస్తాగిరి చేసి, ఇప్పుడు విశ్రాంతి తీసికొనుచున్న నేను, తమ సంఘము చేయదగినదియు, నాకు తోచినంతవఱకు తమవంటి సంఘము తప్ప మఱియొకరు చక్కగా చేయజాలనిదియు నగు ఒక పనిని గూర్చి విన్నవించుకొనుటకై ఈ లేఖ వ్రాయుచున్నాను. తెలుగు నేలపై పండిన సరకు నేడు సముద్రములు దాటుచున్నది. గుంటూరు మిరపకాయ మలేషియాకును చైనాకును, గోదావరి డెల్టా చెఱువులలోని రొయ్య అమెరికాకును, కాకినాడ రేవునుండి బియ్యము ఆఫ్రికా తీరములకును పోవుచున్నవి. కాని ఆ సరకుతోపాటు ప్రయాణముచేయు కాగితములలోని మాటలు మాత్రము దానిని పండించినవానికిని, కొని కూడబెట్టి పంపినవానికిని పరాయివిగనే మిగిలిపోయినవి. ఆ మాటలలో ప్రతియొకటియు ఒక ఒడంబడిక. ఏ నష్టము ఎవరిది, ఏ కిరాయి ఎవరు చెల్లించవలె, ఏ దినమునుండి అపరాధ రుసుము లెక్కకు వచ్చును అను సంగతులను రెండుమూడు అక్షరములలో ముడివేసి పెట్టిన మాటలవి. ఆ ముడి విప్పిచూపు తెలుగు పుస్తకమును నా యుద్యోగకాలములో ఏ చిన్న వర్తకుని బల్లపైనను నేను చూచియెఱుగను.

ఈ కొఱత యెంత ఖరీదైనదో నాకు బోధపడిన దినము నేటికిని కన్నులకు కట్టినట్లున్నది. గుంటూరు మిర్చి యార్డులో తండ్రికాలమునుండి కమీషను వ్యాపారము చేయుచు, క్రొత్తగా ఎగుమతికి దిగిన ఒక వర్తకుడు సంచినిండ కాగితములతో మా కార్యాలయమునకు వచ్చెను. తొడిమ తీసిన తేజ రకపు కాయను ఒక కంటైనరునిండ మలేషియాలోని కొనుగోలుదారునకు సి.ఐ.ఎఫ్. ధరకు ఆయన అమ్మియుండెను. నడిసముద్రమున కంటైనరు పైకప్పునందలి చిల్లిగుండ ఉప్పునీరు దిగి, ఇంచుమించు సగము టిక్కీలు, అనగా మిరప బస్తాలు, తడిసి బూజుపట్టెను. కొన్నవాడు సొమ్ములో సగము కోసివేయుదునని కబురుచేయగా, ఈయన తన సరకు చెడినందున ఆ నష్టము తనదేయని తలచి, మారుమాటాడక అంగీకరించెను. ఆ పిమ్మట ఏడాది దాటిన తరువాత, ఓడ కంపెనీనుండి ఏమైన రాబట్టవచ్చునా యని అడుగుటకు వచ్చెను.

“గుమాస్తాగారూ, ఓడ కిరాయి నేనే కట్టాను, బీమా నేనే కట్టాను. మరి నష్టం నాది కాక ఇంకెవరిదండీ?” అని ఆయన నన్నడిగెను.

ఆ ప్రశ్నలో లోకజ్ఞానమున్నది, న్యాయబుద్ధియున్నది. లేనిదల్ల సి.ఐ.ఎఫ్. అను మూడక్షరముల తాత్పర్యము. ఆ ఒడంబడికలో ఓడ కిరాయియు, బీమా రుసుమును గమ్యపు రేవువఱకు అమ్మినవాడే చెల్లించును గాని, సరకునకు వాటిల్లు ఆపద యొక్క భారము మాత్రము, అది బయలుదేరు రేవులో ఓడపైకి చేరిన క్షణముననే కొన్నవాని తలపైకి మారిపోవును. ఖర్చు ముగియు చోటు వేఱు, ఆపద చేతులు మాఱు చోటు వేఱు. నడిసముద్రమున తడిసిన ఆ మిరపకాయ కొన్నవాని మిరపకాయయే. అతడు పూర్తి సొమ్ము చెల్లించి, తన నష్టమును బీమా కంపెనీనుండి రాబట్టుకొనవలసినవాడు. ఆ బీమాపత్రమును వెనుక సంతకము చేసి కొన్నవానికి పంపవలసియుండగా, అది ఈయన సంచిలోనే మడత విప్పకుండ పడియుండెను. ఓడవారిపై దావా వేయుటకు సరకు అప్పగింత జరిగిన నాటినుండి ఏడాదియే గడువు, అదియు గడచిపోయినది. ఆయన నష్టపోయినది వర్తకములో తెలివి చాలక కాదు, సరకులో కల్తీ చేసి కాదు. కేవలము ఒక మాటకు అర్థము చెప్పువారు లేక.

రేవుకు సంబంధించిన షరతును రేవులోనే, వచ్చినవారందఱును చూచునట్లు చాటుట తెలుగు నేలకు క్రొత్త సంగతి కాదని తాము నాకంటె బాగుగ నెఱుగుదురు. చీరాలకు చేరువనున్న మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244–45 ప్రాంతమున వేయించిన అభయశాసనము తెలుగు లిపిలో నిలిచియున్నది. తుపానునకు చిక్కి పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును పూర్వపు రాజులు బలిమిచే లాగికొనుచుండగా, ప్రాణమునకు తెగించి కడలిపై వర్తకము చేయువారి కష్టమును గుర్తించి, ఏర్పడిన సుంకము తప్ప తక్కినదంతయు వారికే విడిచిపెట్టుదునని ఆ రాజు అందు మాటయిచ్చెను. ఎగుమతికిని దిగుమతికిని సుంకము ముప్పదింట నొకవంతని నిర్ణయించి, చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యము, పగడము అని సరకులను పేరుపేరున పేర్కొనెను. తరువాత 1358లో కొండవీటి అనపోతారెడ్డియు అచ్చటనే సముద్రవర్తకులకు అభయమిచ్చుచు శాసనము వేయించెను. వర్తకునకు కావలసినది రాజుగారి దయ మాత్రమే కాదు, ఆ దయకు హద్దులెక్కడో తెలుపు స్పష్టమైన మాటయని ఆ ప్రభువులు గ్రహించిరి. రేవునకు వచ్చువాని కన్నులయెదుట షరతు నిలువవలెనను ఆ ధర్మమునే నేడు నేను తమనుండి కోరుచున్నాను.

ఇట్లు కోరుటలో, ఆంగ్లపదమున కెల్ల ఒక సంస్కృత సమాసమును కల్పించి ఇండని నా భావము కాదు. బిల్ ఆఫ్ లేడింగును ‘నౌకాభారపత్ర’మని పిలిచినచో పండితులు సంతోషింతురేమో గాని, బ్యాంకువాడును, కస్టమ్సు అధికారియు, విదేశపు కొనుగోలుదారుడును ‘బి.ఎల్. ఏదీ?’ యనియే అడుగుదురు. కాగితముపై ఒకమాట, నోట ఒకమాట, చట్టములో ఇంకొకమాట యైనపుడు వర్తకుని అయోమయము రెట్టింపగును. రేవు ఎన్నడును భాషల కూడలియే. లంగరు, హమాలీ, ఖలాసీ, సరంగు అను మాటలు పారసీక, అరబ్బీ నావికుల నోటినుండి వచ్చి మన తీరమున స్థిరపడి, నేడు తెలుగు కాదని యెవరును అనలేనంతగా తెలుగైపోయినవి. మన గిడ్డంగి సైతము మలయా దేశపు గుదాంగు మీదుగా ఆంగ్లమునకు పోయి ‘గోడౌను’ అయినదని ఊహించు పండితులు కలరు. పదము ఎచ్చటనుండి వచ్చినను అర్థము మనదైనచో చాలును.

నా చిన్ననాట బడిలో పద్యమునకు ప్రతిపదార్థము, తాత్పర్యము, విశేషములు అని మూడు వ్రాయించెడివారు. కవి ప్రయోగించిన పదమును మార్చు అధికారము మాకు లేదు. దానిని విప్పి మా మాటలలో చెప్పవలసిన బాధ్యత మాత్రము మాదే. ఓడకాగితమునకును అట్టి టీకయే కావలెను. మాటను ఉన్నది ఉన్నట్లు తెలుగు లిపిలో నిలిపి, దాని క్రింద దాని అర్థమును, అందుచే ఎవరిపై ఏ బరువు పడుననునదియు, తెలుగు ఊళ్లకు సంబంధించిన ఒక దృష్టాంతమును వ్రాయవలెను. అట్టి టీక యెట్లుండవలెనో చూపుటకు, నా చేతులగుండ నిత్యము నడచిన మాటలలో కొన్నిటిని ఇచ్చట విప్పిచూపుటకు అనుజ్ఞ వేడుచున్నాను.

మొదటిది ‘బిల్లు’. మన యూళ్లలో బిల్లనగా సొమ్ము చెల్లింపుమని యిచ్చు చీటి. ఓడవ్యాపారములో ఎదురగు మూడు బిల్లులలో ఒక్కటియు అట్టిది కాదు. షిప్పింగు బిల్లు అనునది 1962 నాటి కస్టమ్సు చట్టము ప్రకారము ఎగుమతిదారుడు సుంకపు కార్యాలయమునకు సమర్పించు ప్రకటన. బిల్ ఆఫ్ ఎంట్రీ అనునది దిగుమతిదారుని ప్రకటన. ఇక బిల్ ఆఫ్ లేడింగు అనునది ఓడవారు వ్రాసియిచ్చునది. ఇది ఒకే కాగితమైనను మూడు పనులు చేయును: సరకు ముట్టినదని రసీదు, దానిని ఫలానా రేవునకు చేర్తుమను ఒడంబడికకు సాక్ష్యము, ఆ సరకుపై హక్కును ఒకచేతినుండి ఇంకొకచేతికి మార్చు పత్రము. సరకు ఇంకను సముద్రముమీద నుండగనే దీనిని వెనుక సంతకముచేసి అమ్మవచ్చును, బ్యాంకులో కుదువపెట్టవచ్చును. సాధారణముగా మూడు అసలు ప్రతులు వ్రాయుదురు. వానిలో ఏయొక్కటి చూపి సరకు విడిపించుకొన్నను తక్కిన రెండును చెల్లకపోవును. కావున మూడింటిలో ఒక్క ప్రతిని అపరిచితుని చేతికిచ్చుట గిడ్డంగి తాళపుచెవి నిచ్చుటతో సమానము. ఈ పత్రమునకు మన దేశములో ఆధారమైన చట్టము 1856 నాటిది. మూడే సెక్షనులతో సుమారు నూట అరువదితొమ్మిదేండ్లు నడచి, 2025లో క్రొత్త చట్టమునకు చోటిచ్చినది. చట్టము క్రొత్తదైన ఈ తరుణమే దాని మాటలకు తెలుగు టీక వ్రాయుటకును తగిన తరుణము.

ఆ పత్రముపైనే ‘క్లీను’, ‘క్లాజ్డు’ అను భేదమొకటి కలదు. సరకు పైకి బాగుగ నుండగా అందుకొంటిమని, ఏ ఆక్షేపణయు వ్రాయక ఓడవారిచ్చినది క్లీను. ‘నాలుగు బస్తాలు చిరిగియున్నవి’, ‘పెట్టెకు తుప్పు పట్టినది’ అని గుర్తు వేసి యిచ్చినది క్లాజ్డు; అట్టి పత్రమును బ్యాంకులు లెటర్ ఆఫ్ క్రెడిటు (కొన్నవాని బ్యాంకు వ్రాసియిచ్చు చెల్లింపు హామీ) క్రింద అంగీకరింపవు, వర్తకుని సొమ్ము అచ్చటనే ఆగిపోవును. నాలుగు చిరిగిన బస్తాలను గిడ్డంగిలోనే మార్చియుండిన నాలుగు క్షణముల పని. మఱియు, మూసి సీలువేసిన కంటైనరు విషయములో ‘సెడ్ టు కంటైన్’ అను మాట వ్రాయుదురు. లోపల ఫలానాది యున్నదని పంపినవాడు చెప్పుచున్నాడు, మేము లెక్కించి చూడలేదని ఓడవారు తమ బాధ్యతను కుదించుకొను మాట యిది. ఈ మాటను చదువక, బి.ఎల్. పై బస్తాల లెక్కయున్నది కదా, తక్కువైనచో ఓడవారే యిత్తురని నమ్మి మోసపోయినవారిని నేను పలువురను చూచితిని.

1919లో స్థాపింపబడి, పారిస్ నగరము కేంద్రముగ గల అంతర్జాతీయ వాణిజ్య మండలివారు, దేశదేశముల వర్తకులు ఒకే మాటకు ఒకే అర్థము చెప్పుకొనవలెనను సదుద్దేశముతో, 1936లో మొదటిసారి ఇన్‌కోటర్మ్సు అను నియమావళిని ప్రకటించిరి. ఇప్పుడు నడచుచున్నది 2020 నాటి కూర్పు. అందు పదునొకండు పదములు కలవు. వానిలో మనవారి నోట అనుక్షణమును మెలగునది ఎఫ్.ఓ.బి. బయలుదేరు రేవులో సరకు ఓడపై చేరువఱకు ఖర్చును, ఆపదయు అమ్మినవానివి. చేరిన పిమ్మట రెండును కొన్నవానివి. మూట తలపై మోసికొనిపోయి పడవలో వేసిన కాలమున ఇంతకంటె న్యాయమైన గీత ఇంకొకటి లేదు. కాని కంటైనరు వచ్చిన తరువాత ఈ గీత జరిగిపోయినది. నేడు వర్తకుడు తన పెట్టెను ఓడకు అప్పగింపడు. ఓడ రాకకు కొన్ని దినములు ముందే టెర్మినలు ద్వారమువద్ద అప్పగించి ఇంటికి పోవును. ఆ దినములలో ఆ పెట్టెపై అతనికి అధికారము లేదు, అయినను ఎఫ్.ఓ.బి. మాట చొప్పున ఆపద మాత్రము అతనిదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినపుడు రేవు ప్రాంగణమున ఓడకొఱకు ఎదురుచూచుచుండిన పెట్టె యొక్కటి నీటిపాలైనదని అనుకొందము, ఎఫ్.ఓ.బి.కి అమ్మినవాడు ఆ నష్టమును భరింపవలసినదే. కంటైనరు సరకునకు ఎఫ్.సి.ఎ. అను ఇంకొక మాట యున్నది. దానిలో, నిర్ణీతస్థలమున వాహకునకు అప్పగించిన క్షణముననే ఆపద చేతులు మాఱును. మండలివారే కంటైనరులకు దీనిని వాడుడని సూచించుచుండగా, తాతలనాటి అలవాటుచే మన వర్తకులు ఎఫ్.ఓ.బి. యనియే వ్రాయుచున్నారు. ఒక్క మాట మార్చి వ్రాసినచో తీఱు ప్రమాదమిది.

సి.ఐ.ఎఫ్. కథ ముందే విన్నవించితిని. దానికి విశేష మొక్కటి చేర్చవలసియున్నది. ఆ నియమము చొప్పున అమ్మినవాడు చేయింపవలసిన కనీసపు బీమా ‘సి’ తరగతిది. నిప్పంటుకొనుట, ఓడ మునుగుట, నేలపట్టుట, ఢీకొనుట వంటి మహోపద్రవములకే అది వర్తించును గాని, పెట్టె చిల్లిలోనుండి దిగిన నీటికి వర్తింపదు. నేను చెప్పిన వర్తకుడు అధికసొమ్ము వెచ్చించి ‘ఏ’ తరగతి బీమా చేయించియుండెను. మంచి గొడుగు కొని, అది గొడుగని తెలియక వానలో తడిసినవాని వలెనైనది ఆయన స్థితి. ‘ఏ’, ‘బి’, ‘సి’ అను మూడు అక్షరముల భేదమును అరపుటలో తెలుగున చెప్పవచ్చును. చెప్పినచో, మిరపకాయవంటి తేమకు ఓర్వని సరకును పంపువాడు దేనిని కోరవలెనో తానే నిర్ణయించుకొనగలడు.

కాలమునకు వెలకట్టు మాటలు ఇంకొక తెగ. వానిలో డెమరేజి యనునది, నిలిచిపోవుటయను అర్థముగల ఫ్రెంచి ధాతువునుండి పుట్టినది. ఈ యొక్క పదమే మూడు చోట్ల మూడు విధముల మెలగును. రైల్వే గూడ్సు షెడ్డులో వ్యాగను ఖాళీచేయుట ఆలస్యమైనచో చెల్లించునది డెమరేజి. సరకుతోనున్న కంటైనరును టెర్మినలునుండి ఉచితదినములు దాటినను తీసికొనిపోనిచో చెల్లించునదియు డెమరేజియే. ఓడనంతటిని బాడుగకు తీసికొన్నవాడు దానిని గడువు మీఱి ఆపినందుకు చెల్లించునదియు డెమరేజియే. కంటైనరును బయటికి తీసికొనిపోయి, ఖాళీచేసి తిరిగి యిచ్చుటలో ఆలస్యమైనచో మాత్రము దాని పేరు డిటెన్షను. దిగుమతిదారులు పలువురు ఈ రెంటిని ఒకటిగ భావించి, ఒకదానికి చెల్లించి రెండవదానిని మఱతురు. దినములు గడచినకొలది దాని రేటు మెట్టుమెట్టుగ పెరుగుచు, తుదకు సరకు వెలనే మింగివేయును.

ఓడబాడుగ డెమరేజిని ఎఱుగవలెనన్న కాకినాడ లంగరురేవును చూడవలెను. హోపు దీవి చాటున, ఒడ్డునకు దూరముగ ఓడ లంగరువేసియుండగా, బియ్యపు బస్తాలను బార్జీలలోనికెత్తి, బార్జీలనుండి ఓడలోనికెత్తుదురు. ఓడ ‘సిద్ధముగ నున్నాను’ అని నోటీసు ఇచ్చిన పిమ్మట ఒడంబడికలో చెప్పిన ప్రకారము లే-టైము, అనగా సరకు ఎక్కించుటకిచ్చిన గడువు, నడువ నారంభించును. వాన కురిసినచో బియ్యము తడియునని ఓడ కప్పులు మూసివేయుదురు. ‘వెదర్ వర్కింగు డేస్’ అను మాట ఒడంబడికలో నున్నచో ఆ వానగంటలు గడువులో చేరవు, లేనిచో చేరును. ఆదివారములు లెక్కకు రావని వ్రాసి, ‘పనిచేసినచో తప్ప’ అను మాట చేర్చినచో, ఆదివారము పనిచేయించిన గంటలు లెక్కకు వచ్చును. గడువు ఒకసారి దాటి డెమరేజిలో పడిన తరువాత, ప్రత్యేకముగ వ్రాసికొననిచో, వానయు ఆదివారమును ఏదియు అక్కఱకు రాదు; గడియారము ఆగక తిరుగును. గడువునకు ముందే పని ముగించినవానికి ఓడవారు తిరిగి ఇచ్చు సొమ్మును డిస్పాచి యందురు. సాధారణముగ అది డెమరేజి రేటులో సగము. వానను, ఎండను, పండుగను లెక్కించుకొను వ్యవసాయ ప్రజలకు ఇంతకంటె సులభముగ అర్థమగు శాస్త్ర మింకేమున్నది? చెప్పువారు లేకపోవుటయే లోపము.

తెలిసినట్లే తోచి దారితప్పించు మాటలు వీనికంటెను ప్రమాదకరమైనవి. ‘జనరల్ ఆవరేజి’ యను పదమును చూచి సాధారణ సగటు అని తెలుగు చేసికొన్న గుమాస్తాలను నేనెఱుగుదును. ఆ ఆవరేజికిని సగటుకును ఇచ్చట పొత్తు లేదు. నష్టము, చెఱుపు అను అర్థముగల అరబ్బీ పదము ఇటలీ రేవులమీదుగా వచ్చి ఆ రూపము దాల్చినది. ఓడకు మహాపద వచ్చినపుడు అందఱి సరకును కాపాడుటకై బుద్ధిపూర్వకముగ కొంత నష్టపడవలసివచ్చిన యెడల, ఆ నష్టమును ఓడ యజమానియు, సరకు యజమానులెల్లరును తమ తమ విలువల చొప్పున పంచుకొనవలెనను పురాతన ధర్మమిది. గ్రీకుల రోడ్సు ద్వీపపు సముద్రన్యాయమునుండి దీని మూలము చెప్పుదురు. దీనికి ‘ఉమ్మడి నష్టము’ అను తెలుగు వివరణ యిచ్చినచో ఎవరికిని సందేహము కలుగదు. ఒక ఊరి చెఱువు గండి పడినపుడు ఊరివారందఱును తలా యింత వేసికొను నీతియే యిది. 2021 మార్చి 23న నన్నూఱు మీటర్ల పొడవుగల ‘ఎవర్ గివెన్’ అను ఓడ సూయజు కాలువలో అడ్డముతిరిగి, 29వ తేదీవఱకు ప్రపంచ వర్తకమును స్తంభింపజేసినపుడు, దాని యజమానులు ఈ ఉమ్మడి నష్టమునే ప్రకటించిరి. తన పెట్టెకు గీతయైన పడని వర్తకుడును హామీ పత్రము సమర్పించిన పిమ్మటనే సరకు విడిపించుకొనవలసివచ్చినది. బీమా ఉన్నవానికి బీమావారు హామీయిత్తురు. లేనివాడు రొక్కము కట్టవలెను.

టన్ను కూడ అట్టి మాటయే. తూకపు టన్ను అందఱికిని తెలిసినదే. కాని ఓడ గ్రాస్ టన్నేజి యనునది తూకము కాదు, ఓడలోపలి చోటును కొలుచు సంఖ్య. పూర్వము ద్రాక్షసారాయపు పెద్ద పీపాలు ఎన్ని పట్టునని ఓడను కొలిచిన కాలమునాటి పేరు నిలిచిపోయినది. కంటైనరు నిండని కొద్దిపాటి సరకును ఇతరుల సరకుతో కలిపి పంపు ఎల్.సి.ఎల్. పద్ధతిలో, తూకము టన్నులలో ఎంత, పరిమాణము ఘనపు మీటర్లలో ఎంత అని చూచి, రెంటిలో ఏది అధికమో దానికి కిరాయి కట్టుదురు. మిరపకాయ తేలికది, చోటెక్కువ తీసికొనునది. దాని కిరాయి తూకమునుబట్టి కాక కొలతనుబట్టి పడును. ఈ సంగతి ముందుగ ఎఱిగినవాడు కాయను నొక్కి మూటకట్టించి కిరాయి తగ్గించుకొనును. ఎఱుగనివాడు ‘తూకములో మోసము జరిగినది’ అని ఏజెంటుతో కలహించును.

ఈ మాటలలో పెక్కింటిని క్రొత్తదారి పట్టించిన ఆ ఇనుప పెట్టె చరిత్ర చిన్నది, దాని ఫలితము గొప్పది. 1956 ఏప్రిల్ 26న అమెరికాలో మాల్కమ్ మెక్లీన్ అను లారీ రవాణాదారుడు ‘ఐడియల్ ఎక్స్’ అను ఓడపై ఏబదియెనిమిది పెట్టెలను న్యూఆర్కునుండి హ్యూస్టనునకు పంపెను. ఇరువది అడుగుల పెట్టెను ఒకటిగ లెక్కించు టి.ఇ.యు. అను కొలత నేడు ఓడలకును రేవులకును ప్రమాణమైనది. ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగునను మన సామెత ఈ పెట్టెయందు అక్షరాల నిజమైనది. విప్పకుండనే లారీమీద, రైలుమీద, ఓడమీద ప్రయాణముచేయు నీ పెట్టె మూలముగ సముద్రమే లేని హైదరాబాదులో సైతము, సనత్‌నగరునందలి ఐ.సి.డి. యను లోనాటి కంటైనరు డిపోలో, రేవు వెలసినది. కావున ఈ టీక తీరవాసులకే కాదు. తెలంగాణమునందలి సోదర వర్తకులకును అంతే అవసరము. పెట్టెను ఓడకెక్కించుటకు ముందు దాని మొత్తపు తూకమును సరిచూచి ప్రకటించు బాధ్యత 2016 జులై 1 నుండి ప్రపంచమంతటను సరకు పంపువానిపైననే పడినది. వి.జి.ఎం. అని మూడక్షరములలో చెప్పు ఆ తూకము తప్పైనచో ఓడపై పెట్టెలదొంతి కూలి నావికుల ప్రాణములకే ముప్పు రావచ్చునని తెలిసినవాడు ఆ గడిలో అంకెను అజాగ్రత్తగ వ్రాయజాలడు. అర్థము తెలియుట లాభమునకే కాదు, ధర్మమునకును దారిచూపును.

అధ్యక్షా, ఇక నా ప్రార్థనలు. తమ సంఘము ఒక చిన్న మండలిని కూర్చవలెను. అందు వ్యాకరణవేత్త యొకడున్న చాలును. తక్కినవారు ఏజెంటు కార్యాలయపు గుమాస్తా, బ్యాంకున విదేశవ్యాపారపు పత్రములను చూచువాడు, బీమా సర్వేయరు, కస్టమ్సు అధికారి, కాకినాడ బార్జీపై పనిచేయు సరంగు, స్వయముగ నష్టపడిన వర్తకుడు కావలెను. పదము వాడుకలోనున్న రూపముననే తెలుగు లిపిలో శీర్షికగ నుండవలెను. వివరణలో మాత్రము సజీవమైన తెలుగు మాటలు వాడవలెను. ఓడకూలికి మన నిఘంటువులలో ‘కేవు’ అను ముచ్చటైన పాతమాట కలదు. దానివంటివి వివరణలో తమంతట మరల చిగురించిన మంచిదే, బలవంతము వలదు. నూఱు మాటలు చాలును. నూఱింటిని చక్కగ చెప్పిన పుస్తకము వేయింటిని పేర్కొన్న పుస్తకముకంటె మేలు. ఒడంబడికలో వివాదము వచ్చినపుడు మూలభాషలోని పత్రమే ప్రమాణమను హెచ్చరికను మొదటి పుటలోనే వ్రాయవలెను. చదువరిని భ్రమపెట్టని పుస్తకమే అతనికి అండ.

ఆ పుస్తకము అచ్చుపడి బీరువాలో కూర్చుండరాదు. మోటుపల్లి శాసనము రేవులో నిలిచినట్లు, ముఖ్యమైన పదిపండ్రెండు మాటల వివరణ గుంటూరు మిర్చి యార్డులోను, భీమవరపు రొయ్యల వ్యాపారస్థలములలోను, విశాఖ, కాకినాడ, కృష్ణపట్నము రేవులలోను పెద్ద అక్షరముల పలకలపై నిలువవలెను. సుగంధద్రవ్యముల బోర్డువారును, సముద్రోత్పత్తుల ఎగుమతి సంస్థవారును ఎగుమతిదారులకు శిక్షణనిచ్చునపుడు దీనిని పాఠముగ చెప్పునట్లు తాము వారికి వ్రాయవలెను. వాణిజ్యశాస్త్రము చదువు తెలుగు విద్యార్థులకు ఒక బి.ఎల్. నమూనాను చేతికిచ్చి ప్రతిపదార్థము వ్రాయింపవలెను. కార్యాలయములలో తెలుగు వ్రాయించుట తమ సంఘమునకు చిరకాలపు దీక్ష. దస్త్రములో తెలుగు నిలుచుట ఎంత అవసరమో, సంతకము చేయు చేతికి అర్థము తెలియుట అంతకంటె అవసరమని నా మనవి.

తుదకు, ఆ గుంటూరు వర్తకుని సంగతి చెప్పి ముగింతును. నాడు ఆయనకు పోయిన సొమ్మును తెచ్చియిచ్చు శక్తి నాకు లేకపోయెను. ఉత్తచేతులతో పంపుటకు మనసొప్పక, పాత ఇన్వాయిసు వెనుక తెలుగున నాలుగు వాక్యములు వ్రాసియిచ్చితిని: సి.ఐ.ఎఫ్.లో ఖర్చు ఎంతవఱకు, ఆపద ఎంతవఱకు, బీమాపత్రమును వెంటనే ఎవరికి పంపవలె, దావా గడువెంత, పెట్టె సరకునకు ఎఫ్.ఓ.బి. బదులు ఏమి వ్రాయవలె. కొన్నాళ్లకు పనిమీద గుంటూరు పోయి ఆయన కొట్టునకు వెళ్లగా, ఆ కాగితమును అద్దము కట్టించి, గల్లాపెట్టె పైని గోడకు, దేవుని పటము ప్రక్కన తగిలించి యుండుట చూచితిని. ఇరుగుపొరుగు కొట్లవారు వచ్చి దానిని కాపీ వ్రాసికొనిపోవుచున్నారని ఆయన చెప్పెను. వానిలో ఒక ప్రతిని నేను అడిగి చూచితిని. వ్రాసికొనుటలో ఎవరో ‘కొన్నవాని’ అనుటకు ‘అమ్మినవాని’ అని తప్పువ్రాసియుండిరి. అర్థము తలక్రిందులైన ఆ ప్రతిని చూచినప్పటినుండి నాకు నిద్రలేదు. ఒక గుమాస్తా చేతివ్రాతపై ఇందఱి జీవనము ఆధారపడరాదు. ఆ నాలుగు వాక్యములను తప్పులేకుండ, అధికారముతో, అందఱికిని అందునట్లు వ్రాయించి యిప్పింపుడని, ఆ కొట్టు గోడను తలచుకొని తమను ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక విశ్రాంత రేవు గుమాస్తా,
విశాఖపట్టణము.